చెవులమ్మ కొత్త పెట్టె

ఆవిడకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది. జీతం కాగితం మీద తప్ప అది ఇంకెక్కడా కనపడదు. ఊరూరూ తిరిగి పెద్దవాళ్ళకి చెవి మిషన్లు అమర్చడం ఆవిడ ఉద్యోగం. అందుచేత బస్సు కండక్టరు నుంచి లాడ్జి గుమాస్తా దాకా అందరికీ ఆవిడ చెవులమ్మ. మొదట్లో ఆ పిలుపుకి మొహం ముడుచుకునేది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే, ఇంకెవరినో అనుకుని పక్కకి చూస్తుంది.

మిషన్ కొని చెవిలో దోపుకుంటే సరిపోతుందనుకుంటారు చాలామంది. కళ్ళజోడు కూడా అలా కొనుక్కోం కదా. ఏ మనిషి చెవి ఏ స్వరం దగ్గర మొండికేసిందో చూడాలి. మిషన్ని సన్నటి తీగతో లాప్‌టాప్‌కి తగిలించి, ఇక్కడ కాస్త పెంచి, అక్కడ కాస్త తగ్గించి, ఆ మనిషికి కుదిరేట్టు సర్దాలి. చొక్కా కొలిచి కుట్టడం లాంటిదే. కాకపోతే చొక్కా బిగుతైతే చూసేవాళ్ళకి తెలుస్తుంది. ఇక్కడ తొడుక్కున్నవాళ్ళు చెబితే తప్ప తెలియదు.

ఆవిడకి ఈ పని నేర్పిన పెద్దాయన ఒక అలవాటు చేసి వెళ్ళిపోయాడు. "ముందు గదిని విను, తర్వాత మనిషిని విను" అనేవాడాయన. అందుకని ఎవరింటికి వెళ్ళినా ఆవిడ సంచి విప్పదు, పలకరింపులకి దిగదు. కిటికీ మూస్తుంది. సీలింగ్ ఫ్యాను ఆపుతుంది. ఫ్రిజ్ ప్లగ్గు పీకుతుంది. గోడ గడియారం దించి పరుపు కింద పెడుతుంది. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని, కాసేపు కళ్ళు మూసుకుని కూర్చుంటుంది. కొత్తవాళ్ళు ఆవిడకి పూనకం వచ్చిందనుకుని కంగారుపడతారు. పాతవాళ్ళు పిల్లల్ని గదిమి బయటికి పంపేస్తారు. గది నిశ్శబ్దమైందని నమ్మకం కుదిరాక ఆవిడ కళ్ళు తెరిచి, అప్పుడు సంచి జిప్పు లాగుతుంది. ఇన్నేళ్ళలో ఈ వరస తప్పలేదు. తీరా చూస్తే కొంప ముంచింది ఆ వరసే.

పాత లాప్‌టాప్ చచ్చిపోవడంతో మొదలైంది ఈ గొడవంతా. దాని మూత నిలబడాలంటే వెనక ఒక గ్లాసు ఆనించాలి. ఛార్జింగు ఎక్కాలంటే తీగ కింద మడిచిన కాగితం పెట్టాలి. అయినా ఆవిడ దాన్ని ముసలి ఎద్దుని తోలినట్టు బుజ్జగిస్తూ లాక్కొచ్చింది. ఒకరోజు ఒకాయన ఎడమ చెవి సగంలో ఉండగా తెర నల్లబడింది, మళ్ళీ వెలగలేదు.

ఆఫీసాయనకి ఫోన్ చేస్తే, "లాప్‌టాప్ మీదే కదండీ, మీరే చూసుకోవాలి" అన్నాడు. అని ఊరుకోక, మనసులో నలుగుతున్న మాట కూడా బయటపెట్టాడు. "అసలు ఈ ఊళ్ళ తిరుగుడు అవసరమా అని పైవాళ్ళు అడుగుతున్నారు. ఈసారి రౌండులో మిషన్లు వెనక్కిచ్చేవాళ్ళు ఎక్కువైతే ఇక ఆపేద్దాం. కావలసినవాళ్ళు మన షాపుకే వస్తారు."

ఎలా వస్తారు? బస్సు మెట్టు ఎక్కాలంటే ఇద్దరు పట్టుకోవలసిన మనుషులు వాళ్ళు. రారు. మిషన్ మొరాయించిన రోజున దాన్ని సొరుగులో పడేసి, మళ్ళీ అన్నిటికీ తలాడిస్తూ కూర్చుంటారు. ఆ సంగతి ఆఫీసాయనకి చెప్పడం దండగని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

కొత్తది కొనాలి అనగానే ఇంట్లో అందరూ పండితులైపోయారు. ముఖ్యంగా మరిది. అతను దువ్వెన కొనాలన్నా దాని వంశచరిత్ర చదివి గాని కొనడు. ఆదివారం పొద్దున్నే వచ్చి సోఫాలో స్థిరపడ్డాడు.

"వదినా, నీకు ఏం కావాలో ముందు చెప్పు."

"బస్సులో మోసుకెళ్ళేట్టు తేలిగ్గా ఉండాలి. పొద్దుట ఛార్జింగు పెడితే సాయంత్రం దాకా రావాలి. నా తీగ పట్టే వెడల్పు సాకెట్టు ఉండాలి. అంతే."

"అది కాదు. ప్రాసెసర్ ఏది కావాలి?"

"నాకేం తెలుసు?"

"చూశావా! అదే ముఖ్యం. నువ్వు అనవసరమైనవన్నీ చెబుతున్నావు."

ఆవిడ ఓపిక పట్టింది. "నేను చేసేది గీతలు పైకీ కిందకీ జరపడం, బాబూ. దానికి విమానం ఇంజను ఎందుకు?"

"రేపు నీ సాఫ్ట్‌వేర్ పెద్దదైతే? అప్పుడు ఏడుస్తావు. కొనేదేదో ఒకేసారి దమ్మున్నది కొను. బరువంటావా, నాలుగు రోజులు మోస్తే భుజమే అలవాటు పడుతుంది. సాకెట్టంటావా, మధ్యలో చిన్న ముక్క తగిలిస్తే సరి. కాలం మారింది వదినా."

అవతల పేపరు వెనకనుంచి భర్త ఏదో అన్నాడు. ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరుగా చేసి రిటైరయ్యాడు. జీవితమంతా గంట కొట్టి, ఈల వేసి పని నడిపిన మనిషి. నోటిని పెద్దగా వాడుకోలేదు.

"ఆ గొణుగుడేమిటండీ? నోరు తెరిచి చెప్పచ్చుగా!"

"చెప్పాను. నీకు వినపడలేదు."

"వినికిడి గురించి నాకు చెబుతున్నారా?" అంది చెవులమ్మ. మరిది పకపకా నవ్వాడు. పేపరు ఒకసారి కదిలి ఊరుకుంది.

చివరికి మరిది మాటే నెగ్గింది. నెగ్గిందనడం కంటే, అతను చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతుంటే ఆవిడే విసిగి సరేనంది. కొత్త పెట్టె వచ్చింది. మూత తెరిస్తే అక్షరాల మీటలన్నీ రంగురంగుల దీపాలతో వెలిగాయి. ఛార్జరు చూస్తే ఇటుకలా ఉంది. సంచిలో అది పెట్టాక బట్టలకి చోటు చాలక ఒక జత తీసేయవలసి వచ్చింది. మధ్య ముక్క తగిలించి తన తీగ పెడితే, వేలాడుతూ ఊరికే ఊడిపోతోంది. ఆవిడ పళ్ళు నూరుతూ దానికి టేపు చుట్టింది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడమంటే ఇదే.

భర్త పేపరు వెనకనుంచి మళ్ళీ ఏదో అన్నాడు. ఆవిడ పట్టించుకోలేదు.

రౌండు మొదలైంది. మొదటి మజిలీ కుట్టుమామ్మ ఇల్లు. అరవై దాటేదాకా కుట్టుమిషన్ తొక్కిన మనిషి ఆవిడ. ఇప్పుడు ఎనభై దాటింది. కాళ్ళు ఊరుకున్నా నోరు ఊరుకోలేదు. ఆ వీధిలో చెవి మిషన్లు పెట్టుకున్నవాళ్ళంతా ఆవిడ మాట మీద పెట్టుకున్నవాళ్ళే. "నేను పెట్టుకున్నాను, చచ్చానా? నువ్వూ పెట్టుకో" అని ఒక్కొక్కరినీ లాక్కొచ్చింది. ఏడాదికోసారి మిషన్లు చూసి సరిచెయ్యాలి. చెవులమ్మ గదిని విని, కళ్ళు తెరిచి, సంచి విప్పి, పెట్టె ఛార్జరు గోడ ప్లగ్గుకి తగిలించి పని మొదలుపెట్టింది.

కాసేపటికి మామ్మ మొహం చిట్లించింది. "ఈల వేస్తోందే."

చెవి మిషన్లు ఈల వెయ్యడం మామూలే. సన్నటి స్వరాలు మరీ పెంచితే అలా కూస్తాయి. చెవులమ్మకి ఏమీ వినపడలేదు, కానీ ఒక్కోసారి అది పెట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది. ఆవిడ అలవాటు ప్రకారం సన్న స్వరాల గీతని కాస్త కిందకి దించింది.

"ఇప్పుడో?"

"ఇంకా ఉంది."

ఇంకాస్త దించింది. "ఇప్పుడో?"

"ఆఁ. ఇప్పుడు హాయిగా ఉంది."

తర్వాత ఇంట్లోనూ ఈలే. ఆ పై ఇంట్లోనూ. పక్క ఊళ్ళోనూ. ఈసారి మిషన్లన్నిటికీ ఏం రోగం వచ్చిందో అని తిట్టుకుంటూనే చెవులమ్మ అందరికీ కిందకి దించుకుంటూ పోయింది. అందరూ హాయిగా ఉందనే అన్నారు. భుజం మాత్రం అలవాటు పడలేదు.

రౌండు పూర్తికాకముందే ఫోన్లు మొదలయ్యాయి. మాటలు ముద్దముద్దగా ఉన్నాయని ఒకరు. గొంతు వినపడుతోంది గాని ఏమన్నారో తెలియడం లేదని ఇంకొకరు. ఒకాయన కోడలు, "మిషన్ లేనప్పుడే నయమండీ. అసలు వినపడేది కాదు, చేత్తో చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడు వినపడుతోందని మేం నోటితో చెబుతాం, ఆయన ఇంకోటి చేస్తారు" అంది. ఆఫీసాయన కూడా ఫోన్ చేసి, ఇద్దరు అప్పుడే వెనక్కిస్తామంటున్నారని చల్లగా చెప్పాడు. ఆ చల్లదనంలో సంతోషం కూడా ఉందేమోనని ఆవిడకి అనుమానం.

ఆఖరికి కుట్టుమామ్మ తన మనవరాలి చేత ఫోన్ చేయించింది. "వచ్చి తీసుకుపొమ్మంటోందండీ. బొత్తాల డబ్బాలో పడేసింది."

కుట్టుమామ్మ ఇచ్చేసిందంటే ఆ వీధి మొత్తం ఇచ్చేసినట్టే. ఆ వీధి ఇచ్చేస్తే రౌండుకి నీళ్ళు వదులుకున్నట్టే. చెవులమ్మ మిగిలిన ఊళ్ళు వదిలేసి వెనక్కి బస్సెక్కింది. ముందు సీటాయన వీపు వెనక్కి వాల్చడంతో ఒళ్ళోని పెట్టె పొట్టలోకి దిగింది. దారి పొడుగునా మరిదిని, ప్రాసెసర్‌ని, దాన్ని కనిపెట్టినవాణ్ణి కలిపి తిట్టింది.

మామ్మ గుమ్మంలోనే అందుకుంది. "మనవరాలు నా ముందు కూచుని పెదాలాడిస్తోందే. చేపలా. కుట్టడానికిచ్చిన బట్ట పాడుచేస్తే నేను మళ్ళీ కొనిచ్చేదాన్ని. నువ్వేం కొనిస్తావు?"

"ఒక్కసారి పెట్టుకో మామ్మా, చూస్తాను. తర్వాత నీ ఇష్టం."

డబ్బాలోంచి బొత్తాల మధ్య వెతికి మిషన్లు తీశారు. కిటికీ, ఫ్యాను, ఫ్రిజ్, గడియారం, అన్నీ అయ్యాయి. చెవులమ్మ గదిని వింది. పెట్టె తెరిచి పాత కొలతలు మళ్ళీ పెట్టింది. కాసేపటికి మామ్మ చెయ్యెత్తింది.

"అదిగో. మళ్ళీ ఈల."

చెవులమ్మకి ఏడుపొచ్చినంత పనైంది. పోయినేడు ఇవే కొలతలు, ఇవే చెవులు, ఇదే కుర్చీ. గీతని దించుదామని వేలు పెట్టేసరికి కరెంటు పోయింది. వరండాలో లైటు ఆరింది. గోడకి తగిలించిన ఛార్జరు దీపమూ ఆరింది. పెట్టె తన బ్యాటరీ మీదకి మారి తెర కాస్త మసకబడింది.

"హమ్మయ్య," అంది మామ్మ. "ఆగింది."

"ఏం ఆగింది? నేనేం ముట్టుకోలేదే."

"ఈల ఆగింది. ఇప్పుడు నీ గొంతు బాగుంది."

చెవులమ్మ చుట్టూ చూసింది. ఫ్యాను ఎప్పుడో ఆపింది. ఫ్రిజ్ ప్లగ్గు నేలమీద ఉంది. కరెంటు పోతే గదిలో మారడానికి ఒక్కటే మిగిలింది. అది తన ముందే, రంగుల దీపాలు మినుకుమంటూ కూర్చుంది. ఆ పెట్టె లోపలా ఒక ఫ్యాను ఉంది. అది వేడెక్కాకే తిరుగుతుంది, కరెంటు పోయి బ్యాటరీ మీదకి మారితే ఊరుకుంటుంది. గదిని వినడం అయిపోయాకే ఆవిడ పెట్టె తీస్తుంది. గదిలో చప్పుళ్ళన్నీ పట్టి బయటికి నెట్టి, తలుపు వేసి, తన సంచిలోంచి చప్పుడు తీసి బల్లమీద పెట్టి, దానికి తగ్గట్టు, మాటని మాటలా వినిపించే సన్న స్వరాలు కత్తిరించి జనం చెవులు కుట్టుకుంటూ పోయింది.

"అయితే అది నాకెందుకు వినపడలేదు?" అంది పైకే.

"నీకెలా వినపడుతుంది?" అంది కుట్టుమామ్మ మామూలుగా. "నీ చెవిలో మిషన్ లేదుగా."

ఆ మాట గురించి ఆలోచించే తీరిక లేకపోయింది. పెట్టె నోరు మూసుకుని ఉండగానే పని కానిచ్చెయ్యాలని ఆవిడ గబగబా ఎడమ చెవి సరిచేసింది. మామ్మ కళ్ళు పెద్దవయ్యాయి. వెనక గదిలో మనవరాలు పుస్తకం పేజీ తిప్పితే అటు తల తిప్పింది. కుడి చెవి సగంలోకి వచ్చేసరికి తెర ఆరిపోయింది. అంత దమ్మున్న యంత్రానికి, గోడ వదిలి గంటసేపు బతికే దమ్ము లేదు.

"నాశనం! ఇది లాప్‌టాపా, గోడకి కట్టేసిన గేదా!" అని చెవులమ్మ మూత ధడాలున మూసింది.

"అరవకే. ఎడమ చెవి బాగా పనిచేస్తోంది," అంది మామ్మ. "వచ్చే వారం దాకా చూస్తాను. కుడిది నువ్వు కుదర్చకపోతే రెండూ పట్టుకుపో. వీధిలో వాళ్ళకీ అదే చెబుతాను."

లాడ్జిలో కరెంటు ఉంది. చెవులమ్మ తలుపేసుకుని, పెట్టె గోడకి తగిలించి, పరీక్షకి వాడే హెడ్‌ఫోన్లు తన చెవులకి పెట్టుకుంది. ఎన్ని వందల చెవుల్ని చూసిందో, ఇది మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు. లావు స్వరాలు వినపడ్డాయి. మధ్యవీ వినపడ్డాయి. సన్నవాటి దగ్గరికి వచ్చేసరికి తెర మీద గుర్తు కదులుతోంది, చెవిలో ఏమీ లేదు. పెంచింది. ఏమీ లేదు. ఇదే గీత ఎవరి కాగితం మీదైనా చూస్తే, "కాస్త ముందే రావలసింది కదండీ" అని మెత్తగా మందలించి ఉండేది. తనని మందలించేవాళ్ళు లేరు. ఉన్న ఒక్కాయనా పేపరు వెనక ఉన్నాడు.

ఇంటికి రాగానే ఆయన్నే అడిగింది. "ఈ పెట్టె చప్పుడు చేస్తోందా?"

ఆయన పేపరు దించాడు. "వచ్చిన రోజే చెప్పాను, దోమలా కూస్తోందని."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆవిడ వైపు చూసి, "పద, షాపుకి" అన్నాడు. ఈసారి కాస్త గట్టిగానే.

షాపులో పాటలు మోగిపోతున్నాయి. చెవులమ్మ ముందు పాటలు ఆపమంది. తర్వాత ఏసీ ఆపమంది. అమ్మే కుర్రాడు లోపలున్న యజమాని వైపు చూశాడు. చెవులమ్మ లాప్‌టాపులు వరసగా తెరిపించి, అన్నిట్లో సినిమాలు పెట్టించి, గొంతు తీసేయించింది.

"ఇప్పుడేం చేద్దామండీ?"

"ఏమీ వద్దు. వేడెక్కనీ."

భర్త చేతులు వెనక్కి కట్టుకుని, డిపోలో బస్సుల వరస చూసినట్టు ఒక్కొక్క దాని దగ్గరా వంగి చెవి పెట్టాడు. కౌంటరు దగ్గర జనం పోగయ్యారు. ఆయన ఒకదాని దగ్గర ఆగి ఏదో అన్నాడు.

"గట్టిగా చెప్పండి!"

"బుసకొడుతోంది అన్నాను."

"తర్వాతది?"

ఇంకేదో గొణిగాడు.

"అయ్యో, నా ప్రాణం తీయకండి! ఉందా, లేదా?"

"ఉంది, ఉంది, ఉంది! ఈ మూలది తప్ప అన్నిటికీ ఉంది!" అని అరిచాడాయన. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన అంత గట్టిగా అరవడం అదే మొదలు. జనంలో ఎవరో చప్పట్లు కొట్టారు.

మూలది బూడిదరంగు ప్లాస్టిక్‌ది. కుర్రాడు దాన్ని చూపించడానికి నామోషీ పడ్డాడు. "ఇందులో అసలు ఫ్యానే ఉండదండీ. బడి పిల్లలకి కొంటారు. దీంట్లో గేములు ఆడవండీ."

"నేనూ ఆడను. బ్యాటరీ?"

"రోజంతా వస్తుందండీ. కానీ కాస్త నిదానం..."

"నేనూ అంతే."

ఆవిడ సంచిలోంచి తన తీగ తీసి దాని పక్కవైపు చూసింది. వెడల్పు సాకెట్టు. ముక్కా లేదు, టేపూ లేదు. తోస్తే టక్కుమని కూర్చుంది. అప్పుడు దాన్ని సంచిలో పెట్టి, సంచి భుజానికేసుకుని, షాపులో అటూ ఇటూ నాలుగు అడుగులు నడిచింది. మొదటిసారే చెయ్యవలసిన పని అది. అడగవలసినవాణ్ణి అడగక, అన్నీ తెలిసినవాణ్ణి అడిగింది.

మరిది చిన్నబుచ్చుకున్నాడు. "దీనితో ఏం చేస్తావు వదినా?" అన్నాడు. పెద్ద పెట్టెని అతనికే అంటగట్టేసింది. దానికి తగిన పనీ అతని దగ్గరే ఉంది, వంశచరిత్రలు చదువుకోవడం.

తర్వాత తప్పు చెప్పుకుంటూ అందరికీ ఫోన్లు చేసింది. అందులో హాయి ఏమీ లేదు. "మీ మిషన్లు బాగానే ఉన్నాయి. నా పెట్టె చప్పుడు చేసింది, అది నాకు వినపడలేదు." కొందరు ఊరుకున్నారు. కొందరు విననట్టు మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. నిజంగానే వినపడలేదో, కచ్చ తీర్చుకున్నారో తెలియదు. ఒకాయన మాత్రం ఎంత బతిమాలినా వినక మిషన్ వెనక్కి పంపేశాడు. ఆఫీసాయన, "కుట్టు మామ్మగారి వీధి ఏమంటుందో చూద్దాం" అన్నాడు.

కుట్టుమామ్మ గదిలో ఈసారి వరస మారింది. చెవులమ్మ ముందు పెట్టె తీసి, తెరిచి, దాన్ని వేడెక్కనిచ్చింది. కిటికీ మూసింది. అన్నీ ఆపింది. ఆ తర్వాతే కళ్ళు మూసుకుంది. మామ్మ ఊరుకోలేదు, పరకాయించి చూస్తోంది.

"నీ చెవి వెనక ఏమిటే అది?"

"మిషనే మామ్మా. నాకూ పెట్టుకున్నాను."

మామ్మ చాలాసేపు నవ్వింది. పళ్ళు లేని నవ్వు. "ఇన్నాళ్ళూ మాకు కుట్టి, నువ్వు మాత్రం చిరుగు బట్ట కట్టుకు తిరిగావన్నమాట. ఊఁ, కానీ. కుడి చెవి."

కుడి చెవి అయింది. పని మధ్యలో మామ్మ చెయ్యెత్తలేదు. అంతా అయ్యాక ఆవిడ గుమ్మంలోకి వెళ్ళి వీధి వైపు ఒక కేక పెట్టింది. "ఒసే, వచ్చింది! డబ్బాలోవి, సొరుగులోవి, ఎవరివి వాళ్ళు పట్టుకురండి!"

జనం ఒక్కొక్కరే వచ్చి వరండాలో కూర్చున్నారు. ఆ పూటకి అది చాలు. పై ఏడు సంగతి ఆఫీసాయన ఎలాగూ మళ్ళీ అడుగుతాడు.

రెండో మనిషికి తీగ తగిలిస్తుంటే మామ్మ పక్కన చేరి మెల్లిగా అడిగింది. "ఇంతకీ ఎలా ఉంది? మిషన్ పెట్టుకున్నాక ఇంట్లో అన్నీ వినపడుతున్నాయా?"

"అన్నీ వినపడుతున్నాయి మామ్మా," అంది చెవులమ్మ విసుగ్గా. "మా ఆయన గొణుగుతాడని ఇన్నేళ్ళూ పోట్లాడాను. లోపం నా చెవిదని తెలిసి సిగ్గుపడ్డాను. పెట్టుకున్నాక వింటే, మనిషి నిజంగానే గొణుగుతాడు."